కదిలితేనే గాలి

"ఆ కళ్ళల్లో ఒక్కటి పనిచెయ్యకపోయినా నిన్నే అంటారు కదే! అప్పుడేం చెప్తావు వాళ్ళకి?"

కూతురు వంగి బూట్ల లేసులు బిగించుకుంటోంది. తల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడి, అన్నం డబ్బా రెండు చేతులా పట్టుకుని ఆ వంగిన వీపు కేసి చూస్తోంది.

"కళ్ళు కావమ్మా. సెన్సర్లు."

"ఏవైతేనేం? తొమ్మిది వందలున్నాయన్నావు. అన్నిట్లో ఒక్కటైనా చెడకుండా ఉంటుందా? మనింట్లో కొత్త ఇస్త్రీపెట్టె వారం తిరక్కుండా కాలిపోలేదూ?"

"చెడితే మారుస్తాం."

"మార్చేలోపల ఏ గదిలోనో ఎవరికో ఊపిరాడక జరగరానిది జరిగితే..."

"అమ్మా, అది ఏసీ. ఉరితాడు కాదు." కూతురు లేచి డబ్బా అందుకుని సంచిలో పెట్టి భుజాన వేసుకుంది. "జరుగు. బస్సు పోతుంది."

తల్లి జరిగింది. మెట్ల మీద బూట్ల చప్పుడు చివరిదాకా విని, వీధి తలుపు పడ్డ చప్పుడు కూడా విని, గడియారం చూసింది. తను బయల్దేరడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇద్దరూ వెళ్ళేది ఒకే భవనానికి. అయినా కూతురు ముందు బస్సులో వెళ్తుంది, తల్లి వెనక బస్సులో వెళ్తుంది. ఈ ఏర్పాటు తల్లిదే. ఆ హోటల్లోనే కూతురికి పని పడిందని తెలిసిన రోజు, "అక్కడ నేను నీకేమీ కాను. ఎవరితోనూ అనకు. కుట్టుపనామె కూతురంటే నీ మాటకి విలువుండదు. నీవల్ల ఏదైనా తప్పొస్తే నన్ను తీసేస్తారు, నావల్ల వస్తే నిన్ను తీసేస్తారు" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కూతురు మాటవరసకైనా కాదంటుందేమో అనుకుంది. "సరే" అంది కూతురు. ఆ సరే ఎంత తొందరగా వచ్చిందో మూడు నెలలైనా తల్లి చెవిలోంచి పోలేదు.

ఈ వారం పరీక్ష. సోమవారం నుంచి శుక్రవారం దాకా పద్నాలుగంతస్తుల హోటలూ కొత్త పద్ధతిలో నడవాలి. శుక్రవారం కూతురి కంపెనీ నుంచి పెద్ద ఇంజనీరు వచ్చి లెక్క చూస్తాడు. కరెంటు వాడకం అనుకున్నంత తగ్గితే కూతురి ఉద్యోగం ఖాయం. లేకపోతే మూడు నెలలతో సరి, ఇంటికి వెళ్ళమంటారు.

పద్ధతి మంచిదేనని తల్లికి తెలుసు. పదకొండేళ్ళుగా ఆ భవనంలో జనం ఎండాకాలం స్వెట్టర్లు వేసుకున్నారు, చలికాలం చొక్కా చేతులు మడుచుకున్నారు. కౌంటర్లో నిలబడే అమ్మాయిల కోట్లకి లోపల దళసరి లైనింగు వేసింది తనే. మనిషి ఉన్నా లేకపోయినా ఖాళీ హాళ్ళలోకి, తాళం వేసిన గదుల్లోకి చల్లగాలి పోతూనే ఉండేది. ఇప్పుడు మనిషి ఉన్నచోటికే గాలి, ఉన్నంతసేపే గాలి. పైగదుల్లోంచి లాగిన వేడిని డాబా మీద వదిలెయ్యకుండా దాంతోనే లాండ్రీకి నీళ్ళు కాస్తున్నారు. "ఇదేదో ముందే చెయ్యొచ్చు కదా" అంది తల్లి, కూతురు ఒకసారి కాగితం మీద గీసి చూపించినప్పుడు. కూతురు నవ్వింది. మళ్ళీ అలా నవ్వడం తల్లి చూడలేదు.

కుట్టుగది రెండో సెల్లార్లో ఉంది. కిటికీ లేదు. ఎడమ గోడకి అవతల లాండ్రీ వాళ్ళ డ్రయర్లు తిరుగుతుంటాయి. ఆ గోడ మీద చెయ్యి పెడితే జ్వరం వచ్చిన మనిషి ఒంటిమీద పెట్టినట్టుంటుంది. తలుపు తియ్యగానే రెండు వరసల హ్యాంగర్ల స్టాండ్లు. సామాన్లు మోసేవాళ్ళ ఎర్ర కోట్లు, వంటవాళ్ళ తెల్ల కోట్లు, కౌంటరు వాళ్ళ బూడిదరంగువి. వాటి వెనక, మూలన, ప్లగ్గు ఉన్నచోట, తల్లి మిషనూ కుర్చీ. తలుపు పక్కన పైకప్పుకి, గాలి వచ్చే జాలీని ఆనుకుని, కొత్తగా కోడిగుడ్డు చెక్కలాంటి తెల్లటి బిళ్ళ అతికించారు. కింద ఏదైనా కదిలితే అందులో ఎర్రచుక్క మినుకుమంటుంది. గోడ మీద ఉండే స్విచ్చి తీసేసి అక్కడ సిమెంటు పూశారు. ఇక దీపమూ గాలీ రెండూ ఆ బిళ్ళ చెప్పినట్టే.

సోమవారం పదింటికి తల్లి నల్ల ప్యాంటు ఒకటి ఒళ్ళో వేసుకుని చేత్తో హెమ్మింగు మొదలుపెట్టింది. బట్టలో ఒక్క పోగు మాత్రమే సూదికి తగలాలి. రెండు తగిలితే పైకి చుక్కలా కనిపిస్తుంది. ఒక కాలు పూర్తి చేసి దారం కొరుకుతుండగా జాలీలోంచి గాలి ఆగింది. వెంటనే దీపం ఆరిపోయింది.

కరెంటు పోయిందనుకుంది. నిప్పంటుకుందనుకుంది. పైన కూతురు కంగారులో ఏదో నొక్కరానిది నొక్కిందని, ఈపాటికి లిఫ్టుల్లో జనం ఇరుక్కుపోయి అరుస్తున్నారని అనుకుంది. తడుముకుంటూ లేచి కోట్ల మధ్యలోంచి రెండడుగులు వేసేసరికి ఎర్రచుక్క మినుకుమంది. దీపం వెలిగింది. గాలి వచ్చింది. గదిలో ఏమీ కాలేదు.

కూర్చుంది. రెండో కాలు మొదలుపెట్టింది. అది అయ్యేసరికి మళ్ళీ చీకటి.

మధ్యాహ్నానికి సంగతి అర్థమైంది. కోట్ల వెనక వేళ్ళు కదలడం ఆ బిళ్ళకి ఆనడం లేదు. పది నిమిషాలు చూసి, గదిలో ఎవరూ లేరని తేల్చేస్తోంది. గాలి ఆగిన కాసేపటికే గోడలోంచి డ్రయర్ల వేడి వచ్చి గది పొయ్యిలా అవుతోంది. కాబట్టి ప్యాంటు కాలు ఒకటి కాగానే లేవాలి, స్టాండ్ల ఇవతలికి రావాలి, బిళ్ళకి కనిపించేలా చెయ్యి ఊపాలి, మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. రైలెక్కిన వాళ్ళని సాగనంపుతున్నట్టు ఆ రోజు సాయంత్రం దాకా ఎన్నిసార్లు చెయ్యి ఊపిందో ఆమెకే తెలీదు.

మొదటి అంతస్తులో ఫిర్యాదుల పుస్తకం ఉంది. అందులో రాసింది ఏ రోజుకారోజు కూతురి ట్యాబ్‌లోకి ఎక్కిస్తారు, పెద్ద ఇంజనీరు చూస్తాడు. మొదటి రోజే మొదటి ఫిర్యాదు, అదీ కన్నతల్లి చేత్తో. తల్లి ఆ మెట్ల వైపు కూడా వెళ్ళలేదు.

మంగళవారం చిల్లర్ తాత వచ్చాడు. పక్కనే ఉన్న ప్లాంటు రూములో ముప్పై ఏళ్ళుగా చల్లనీళ్ళ యంత్రాలు చూసుకునే మనిషి. భవనంలో అందరికీ తాతే. తల్లి మాత్రం అన్నయ్యా అంటుంది. చిరిగిన జేబు చూపించడానికి వచ్చి, తలుపులోనే ఆగిపోయాడు.

"ఎవరికమ్మా చెల్లెమ్మా టాటా చెప్తున్నావు? నేనింకా రిటైరవలేదు."

"భుజం పట్టేసిందన్నయ్యా. ఊపుకుంటున్నాను."

ఆయన పైకప్పు కేసి చూశాడు. ఆమె మొహం మీద చెమట చూశాడు. "గాలి రావట్లేదా? ఆ ట్యాబ్ పిల్లకి ఫోను కొట్టనా?"

"వద్దు! వస్తోంది. బాగానే వస్తోంది."

"వద్దంటే మానేస్తాను, ఆ కేక ఎందుకు?" ఆయన స్టూలు లాక్కుని కూర్చుని చొక్కా విప్పి ఇచ్చాడు. బనీనుతోనే, ఆమె జేబు కుట్లు విప్పుతుంటే కబుర్లు పెట్టాడు. "ఆ పిల్ల గట్టిదే. నా మోటార్ల చప్పుడు విని ఏది అరిగిందో చెప్పేసింది. నాకే మూడేళ్ళు పట్టింది అది చెప్పడానికి. కాకపోతే మొహంలో నవ్వనేది లేదు. పొద్దున్నుంచీ టీ కూడా తాగదు. ఎవరు కన్నారో గానీ, ఇంట్లో తిండి పెడతారో లేదో."

సూది ఆమె వేలిలో దిగింది. "పెట్టకేం. పెడతారు" అంది, వేలు నోట్లో పెట్టుకుని.

"నీకేం తెలుసు?"

"ఎవరో ఒకరు ఉండే ఉంటారుగా" అంది తల్లి, దారానికి ముడి వేస్తూ.

ఆయన వెళ్ళాక తెల్ల కోటు ఒకటి చేతిలోకి తీసుకుంది. కాలరు కింద ఎర్రటి చుక్క. తన వేలి నెత్తురు. ఇదే పెద్ద విందుకి ముందు బయటపడి ఉంటే? చల్లనీళ్ళతో ఆ చుక్క కడుగుతూ, ఇలా లేచి కూర్చుని లేచి కూర్చుని చేస్తే ఏదో ఒకరోజు సూది కోటులోనే మర్చిపోతుందని, అది ఏ వంటాయన మెడలోనో దిగుతుందని, చచ్చినంత పనవుతుందని అనుకుంది. అప్పుడే టేబులు కింద తెగిన ముక్కల్లో ఎర్ర లైనింగు పేలిక కనిపించింది. సామాన్లు మోసేవాళ్ళ కోటులో మిగిలింది. జానెడు వెడల్పు, మూరెడు పొడవు, ఊదితే ఎగిరే బట్ట.

స్టూలు ఎక్కేముందు మూడుసార్లు కదిపి చూసింది. పడితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే మంచం. మంచాన పడితే ఆ పిల్లకి వండిపెట్టేది ఎవరు? గోడ పట్టుకుని ఎక్కి, గాలి జాలీకి రెండు కొసలా దారంతో పేలికని కట్టి, కిందికి వేలాడదీసింది. ఊడిపోకుండా బొత్తానికి చుట్టినట్టు ఆరు చుట్లు చుట్టింది. గాలికి పేలిక లేచి తెల్లబిళ్ళ ముందు అటూ ఇటూ ఆడింది. ఎర్రచుక్క మినుకుమంది. ఆగింది. మళ్ళీ మినుకుమంది.

ఆ మధ్యాహ్నం ఆమె రెండు ప్యాంట్లు, నాలుగు కాళ్ళు, కుర్చీలోంచి లేవకుండా కుట్టింది.

మధ్యలో ఒకటి రెండుసార్లు తలెత్తి స్టాండ్ల సందులోంచి చూసింది. ఎవరో వచ్చి తలుపు దగ్గర నిలబడి కదులుతున్నట్టే ఉంది. పదకొండేళ్ళలో ఆ గదిలోకి పనిలేకుండా వచ్చి నిలబడ్డవాళ్ళు లేరు. "నువ్వైనా ఉన్నావు, సంతోషం" అంది దాంతో, పైకే. అనేశాక, ఎవరైనా విన్నారేమోనని భయపడింది.

సాయంత్రం ఆరింటికి మిషను మీద గుడ్డ కప్పి, సంచి తీసుకుని, దీపం వెలుగుతుండగానే బయటికి వచ్చి తలుపు మూసింది. స్విచ్చి లేదుగా. మనిషి వెళ్ళిన పది నిమిషాలకి దానంతటదే ఆరిపోతుంది. నిన్నా అలాగే వచ్చేసింది.

బుధవారం కూతురు ఇంటికి వచ్చేసరికి ఎనిమిదైంది. కంచం పక్కన ట్యాబ్ పెట్టుకుని, చూపు దాని మీదే ఉంచి, ముద్ద చల్లారేదాకా చేతిలోనే పట్టుకుంది.

"అన్నీ సరిగ్గా నడుస్తున్నాయా?"

"ఊఁ."

"ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఊఁహూఁ."

"కళ్ళ కింద నల్లగా ఉంది. రక్తం లేదేమో. ఒకసారి పరీక్ష చేయించుకో, ఈ రోజుల్లో చిన్నవయసు వాళ్ళకే..."

కూతురు తలెత్తింది. తల్లి మొహం కేసి చాలాసేపు, ఏదో వెతుకుతున్నట్టు చూసింది. "నువ్వు కిందనించి ఎన్నింటికి వచ్చేస్తావు?"

"ఆరింటికి. ఎందుకే?"

"ఊరికే."

తల్లి లేచి కొళాయి తిప్పింది. గిన్నెలు తోముతూ వెనక్కి తిరిగి చూసింది. కూతురు రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఉంది. తల్లి కొళాయి కట్టలేదు. నీళ్ళ చప్పుడు ఆగితే ఇద్దరిలో ఎవరో ఒకరు మాట్లాడాల్సి వస్తుంది.

గురువారం పదిన్నరకి చిల్లర్ తాత తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన మొహంలో కబురు పొంగిపోతోంది.

"చెల్లెమ్మా, మన సెల్లార్లో దెయ్యం ఉందట, విన్నావా?"

"ఛ, పొద్దున్నే ఏం మాటలన్నయ్యా."

"నేను కాదు, కంప్యూటరే చెప్తోంది. రా చూద్దువుగాని."

ప్లాంటు రూములో ఇదివరకటి హోరు లేదు. పెద్ద మోటార్లు అవసరమైనంతే తిరుగుతూ పిల్లిలా గురగురమంటున్నాయి. గోడకి తెర ఉంది. దాని మీద అంతస్తులవారీగా గదులు చిన్న చిన్న గళ్ళుగా గీసి ఉన్నాయి. కొన్ని గళ్ళలో బుల్లి మనిషి బొమ్మలున్నాయి.

"ఇవన్నీ రాత్రి పడుకున్నాయి చూడు, నీలంగా. ఇదొక్కటి మాత్రం రెండు రాత్రుళ్ళూ తెల్లారేదాకా ఎర్రగా వెలుగుతూనే ఉంది. గాలీ దీపమూ ఆగలేదు. దీనికోసం ఒక పంపు రాత్రంతా తిరిగింది. మొత్తం హోటలు లెక్క పాడుచేసింది ఇదొక్కటే. మేనేజరు ఎగిరెగిరి పడుతున్నాడు, ఆ ట్యాబ్ పిల్ల సెట్టింగు తప్పు పెట్టిందని. రేపు ఇంజనీరు రాగానే ముందు చూసేది దీన్నే. పాపం, పిల్ల ఉద్యోగం గాలికి పోయేలా ఉంది." ఆయన వేలు ఆ గడి మీద పెట్టాడు. "ఇది ఏ గదో తెలుసా? నీదే."

తల్లి ఆ ఎర్రగడి కేసి చూసింది. పేలిక. గాలికి పేలిక ఆడుతుంది. పేలిక ఆడితే మనిషి ఉన్నట్టు. మనిషి ఉంటే గాలి. గాలి ఉంటే పేలిక ఆడుతుంది. తను ఇంటికి వెళ్ళినా, అన్నం వండినా, పడుకున్నా, అది ఆడుతూనే ఉంది. ఎవరూ ఆపకపోతే ఎప్పటికీ ఆడుతూనే ఉంటుంది.

"నా గదిలో... బొమ్మ లేదేం?" అంది తల్లి.

"ఏ బొమ్మ?"

"మనిషి బొమ్మ. మిగతావాటిలో ఉన్నాయిగా."

చిల్లర్ తాత కళ్ళజోడు సర్దుకుని ఆ గడి నొక్కాడు. అక్షరాలు పెద్దవయ్యాయి. బట్టల స్టోరు. మనుషులు: 0. "ఓహో! ఇదా సంగతి. నిన్ను లెక్కలో వెయ్యలేదు. మనుషులున్న గదుల్లో ఆ బిళ్ళలు కుర్చీల నెత్తిన పెట్టారు, అరగంట దాకా ఆగుతాయి. స్టోర్లకైతే తలుపు దగ్గర పెడతారు, పది నిమిషాలకే కట్టేస్తాయి. పాత డ్రాయింగులో స్టోరని ఉంటే అలాగే దించేసినట్టున్నారు. కానీ గదిగదికీ వెళ్ళి చూసి టిక్కు పెట్టాలే, ఇదిగో లిస్టు."

గోడకి తగిలించిన కాగితాల కట్ట తీసి తిప్పాడు. ఆకుపచ్చ సిరా. గది చూశాను అన్నచోట టిక్కు. పక్కన సంతకం. చివరి అక్షరం తోక వెనక్కి తిప్పి కింద గీతలా లాగిన సంతకం. బళ్ళో మార్కుల కార్డు మీద తల్లి పెట్టే సంతకం చూసి కూతురు నేర్చుకున్న తోక అది.

ఆ రోజు ఆమెకి గుర్తుంది. మూడు నెలల కిందట, కూతురు పనిలో చేరిన కొత్తలో. నడవాలో నలుగురైదుగురి అడుగులు, మధ్యలో కూతురి గొంతు. వస్తున్నారని తల్లి గబగబా లేచింది. టేబులు మీద డబ్బా కిందికి దించింది, ముక్కలు ఊడ్చింది, జుట్టు సర్దుకుంది. తెలిసినట్టు కనిపించకూడదని మొహం కూడా సర్దుకుంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. "ఇది స్టోరే, రాసుకున్నాను, పదండి" అంది కూతురి గొంతు. అడుగులు వెళ్ళిపోయాయి. తల్లి కాసేపు అలాగే నిలబడి, తర్వాత డబ్బా తీసి మళ్ళీ టేబులు మీద పెట్టుకుంది. మంచిపనే చేసిందిలే అనుకుంది. అలా అనుకోడానికి ఆ రోజంతా పట్టింది.

"ఏం చెల్లెమ్మా, మొహం అలా అయిపోయింది? దెయ్యం అన్నది ఉత్తమాటలే."

"ఏం లేదన్నయ్యా. కళ్ళు తిరిగాయి."

గదికి తిరిగి వచ్చి స్టూలు జాలీ కిందికి లాగింది. ఎక్కింది. కత్తెర పేలిక మీద పెట్టింది.

ఇప్పుడు కోసేస్తే రేపు ఇంజనీరుకి ఏమీ దొరకదు. ఏమీ దొరక్కపోతే సెట్టింగు తప్పే అంటారు, పిల్ల ఉద్యోగం పోతుంది. కొయ్యకపోతే పేలిక దొరుకుతుంది. తన ఉద్యోగం పోతుంది. పోతే పోనీ. కానీ ఎందుకు కట్టావంటారు. గాలి ఆగిపోతుంటే కట్టానంటే, ఎందుకు ఆగిందంటారు. సున్నా దగ్గరికి వస్తారు. సున్నా దగ్గర ఆకుపచ్చ సంతకం ఉంది. ఎటు నుంచి కుట్టుకొచ్చినా కుట్టు వెళ్ళి ఆ పిల్ల మీదే పడుతోంది. స్టూలు మీద నిలబడి చాలాసేపు ఆలోచించింది. పేలిక చల్లగా మొహానికి తగులుతోంది. చివరికి పేలిక కొయ్యకుండానే కిందికి దిగింది. అబద్ధం ఒకటి దొరికింది. ఆ అబద్ధాన్ని సాయంత్రం దాకా మనసులో నాలుగైదుసార్లు అప్పజెప్పుకుంది.

ఇంట్లో దాన్ని కూతురికి ముందే చెప్పి ఉంచాలనుకుంది. "చూడు తల్లీ, రేపు..." అని మొదలుపెట్టింది.

"రేపొక్కరోజు నన్నేమీ అడక్కమ్మా." కూతురు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దుప్పటి కప్పుకోలేదు. తల్లి దుప్పటి తెచ్చి భుజాల దాకా లాగింది. కూతురు నిద్రపోవడం లేదని ఊపిరి చెప్తోంది. నిద్రపోతున్నట్టే ఉండనిచ్చింది.

శుక్రవారం పదకొండింటికి నలుగురు వచ్చారు. ముందు హోటలు మేనేజరు, ఆయన వెనక దారంతో మెడలో వేలాడే కళ్ళజోడుతో పెద్ద ఇంజనీరు, తర్వాత చిల్లర్ తాత, అందరికంటే వెనక ట్యాబ్ గుండెలకి ఆనించుకుని కూతురు. తల్లి లేచి నిలబడింది. కూతురు ఆమె కేసి చూడలేదు. గదిలో అన్నిటినీ చూసింది. మిషను, స్టాండ్లు, టేబులు మీద డబ్బా. ఆ డబ్బా చూసి కళ్ళు దించుకుంది. అలాంటిదే ఇంకోటి తన సంచిలోనూ ఉంది.

పేలిక వెతకాల్సిన పనే పడలేదు. జాలీ కింద ఎర్రగా ఆడుతోంది.

"ఇదా దెయ్యం!" అన్నాడు మేనేజరు. "టైలరమ్మా, ఎవరు కట్టమన్నారు నిన్ను?"

"ఎవరూ అన్లేదు సార్. నేనే కట్టాను. ఆ అమ్మాయికేం తెలీదు. ఆ అమ్మాయి మిషన్లు అన్నీ బాగానే ఉన్నాయి. తప్పంతా ఈ గుడ్డదే, అంటే నాదే."

"హోటలు సొత్తుకి గుడ్డపేలికలు కట్టడం ఏంటి? పదకొండేళ్ళ సర్వీసు, ఆ మాత్రం తెలీదా?"

ఇంజనీరు చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. గొంతు మెత్తగానే ఉంది. "ఎందుకు కట్టారమ్మా?"

"ప్యాంటు కాలు ఒకటయ్యేసరికి ఆగిపోతోంది బాబూ. దీపం కూడా. లేచి చెయ్యి ఊపితే వస్తుంది. రెండో కాలు అయ్యేసరికి మళ్ళీ ఆగిపోతుంది. అందుకని... పోనీ ఇదైనా ఊపుతుందిలే అని."

చిల్లర్ తాత ఆమె భుజం కేసి చూశాడు. మంగళవారం ఊపుకుంటున్న భుజం. నోట్లో ఏదో అనుకుని తల పక్కకి తిప్పుకున్నాడు.

"మరి చెప్పలేదేం ఎవరికీ?"

తల్లి దీనికి అబద్ధం తయారుచేసుకోలేదు.

ఇంజనీరు స్టూలెక్కి తనే పేలిక విప్పాడు. ఆరు చుట్లూ ఓపిగ్గా విప్పి, మడిచి ఆమె చేతికిచ్చాడు. "చూద్దాం. పరీక్షకి పది నిమిషాలు వద్దు, రెండు నిమిషాలు పెట్టు" అన్నాడు కూతురితో. కూతురి వేళ్ళు ట్యాబ్ మీద కదిలాయి. "మీరు రోజూలాగే కూర్చుని కుట్టుకోండమ్మా. మనమందరం ఈ స్టాండ్ల వెనక్కి వచ్చి కదలకుండా నిలబడదాం. ఈమెకి కనిపించేదే మనకీ కనిపించాలి."

తల్లి కూర్చుని చేతికి అందిన ప్యాంటు ఒళ్ళోకి లాక్కుంది. సూదిలో దారం ఎక్కలేదు. మూడోసారికి ఎక్కింది. ఆమె చుట్టూ నలుగురు మనుషులు కోట్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. ఆ మూలన అంతమంది ఎప్పుడూ లేరు. కూతురి బూట్లు ఆమె కుర్చీ కాలికి దాదాపు తగులుతున్నాయి. లేసు ఒకటి వదులైంది. కట్టుకోమని అనబోయి ఆగింది.

ఇంజనీరు కళ్ళజోడు పెట్టుకుని, కదలకుండానే చేతిలో కాగితం చూశాడు. "ఈ గదికి సున్నా అని ఉంది. గది చూశాను అని టిక్కు కూడా ఉంది. సంతకం నీదే." తలెత్తకుండా అడిగాడు. "ఈ గదిలోకి వచ్చి చూశావా?"

"వచ్చింది బాబూ!" తల్లి సూది ఆపింది. అప్పజెప్పుకున్న మాటలన్నీ ఒక్కసారే తోసుకొచ్చాయి. "వచ్చి చూసింది. ఆ టైముకి నేనే లేను. మూడో అంతస్తుకి కోట్లు ఇవ్వడానికి వెళ్ళాను. కుర్చీ మీద కూడా బట్టలు పడేసి వెళ్ళాను, మనిషి కూర్చునేదని ఎవరికైనా ఎలా తెలుస్తుంది? నాదే..."

"మిమ్మల్ని కాదమ్మా అడిగింది" అన్నాడు ఇంజనీరు. "ఆ అమ్మాయిని."

గోడ అవతల డ్రయర్లు తిరుగుతున్నాయి. ఎక్కడో ఒక బొత్తాము లోపలి రేకుకి కొట్టుకుంటూ టిక్కు టిక్కుమంటోంది. తల్లి సూది గుచ్చి లాగింది. రెండు పోగులు తగిలాయి. విప్పలేదు. చెప్పెయ్ తల్లీ, వచ్చానని చెప్పెయ్, నేను ఒప్పుకున్నానుగా, ఇంక నిన్నెవరూ ఏమీ అనరు, అని లోపల లోపలే అంటోంది. కూతురి ఊపిరి వినిపిస్తోంది. నిన్న రాత్రి దుప్పటి కింద విన్న ఊపిరే.

గాలి ఆగింది. దీపం ఆరిపోయింది.

ఆ చీకట్లో నలుగురూ అలాగే నిలబడ్డారు. పరీక్ష కాబట్టి కదలకూడదు. గోడలోంచి వేడి నెమ్మదిగా వచ్చి మొహాల మీద కూర్చుంటోంది. మేనేజరు ఒకసారి గొంతు సవరించుకున్నాడు. తల్లికి తెలుసు. ఇప్పుడు రెండడుగులు ముందుకు వేసి చెయ్యి ఊపితే చాలు, వెలుతురు వస్తుంది, గాలి వస్తుంది, అందరూ మాట మార్చేస్తారు. సోమ, మంగళవారాల్లో చేతికి అలవాటైన పనే. చెయ్యి దానంతటదే ఒళ్ళోంచి లేచింది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. మొదటిసారి ఆమె ఎవరికోసమూ తొందరపడలేదు. కూర్చుంది.

బొత్తాము కొట్టుకుంటూనే ఉంది. చాలాసేపు.

"రాలేదు సార్" అంది కూతురు. "తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయాను. మన కంపెనీ వాళ్ళందరూ నా వెనక ఉన్నారు. లోపల మనిషి ఉందని తెలుసు. తెలిసే సున్నా రాశాను." చీకట్లో తల్లి భుజాన్ని ఏదో తాకింది. చెయ్యి. "ఒకరు సార్. ఈ గదిలో ఒకరుంటారు. మా అమ్మ."